పోలరైజింగ్ మైక్రోస్కోప్: కొత్తదా, సెకండ్ హ్యాండా, ఉన్నదానికే ఫిల్మ్ పెట్టుకోవాలా?

జూన్ వచ్చిందంటే చాలు, ఇదే ప్రశ్న. "సార్, ల్యాబ్‌కి పోలరైజింగ్ మైక్రోస్కోప్ కొనాలి, ఏది తీసుకోమంటారు?" స్లయిడ్ కింద ఒకటి (పోలరైజర్), పైన ఒకటి (అనలైజర్), వెలుతురుని ఒకే దిశలో కంపించేలా వడగట్టే ఫిల్టర్లున్న మైక్రోస్కోప్ అన్నమాట. అడిగేవాళ్లు ఎక్కువగా డిగ్రీ కాలేజీల జియాలజీ లెక్చరర్లు. మధ్యమధ్యలో స్కూలు సైన్స్ మాస్టార్లు, ఒకరిద్దరు పాథాలజీ వాళ్లు. అందరికీ ఫోన్లో విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసేస్తే పోతుంది.

బ్రోషర్లలో ఎన్నో ఉంటాయి గానీ, నేను ముందు చూసేది ఒక్కటే. స్టేజ్ (స్లయిడ్ పెట్టే గుండ్రటి బల్ల) తిప్పినప్పుడు మనం చూస్తున్న ఖనిజపు గింజ క్రాస్‌వైర్ల (ఐపీస్‌లో కనిపించే అడ్డం, నిలువు గీతలు) మధ్యే నిలుస్తుందా, జారిపోతుందా?

ఎందుకంటే మా ప్రాక్టికల్స్‌లో సగం తిప్పుడే. రెండు రకాల పైరాక్సీన్లూ (హైపర్‌స్తీన్, క్లైనోపైరాక్సీన్ అనే ఖనిజాలు) ఉన్న చార్నొకైట్ రాయి థిన్ సెక్షన్ (వెలుతురు దూరేంత పలచగా అరగదీసిన ముక్క) ఒకటి పెట్టి, రెండు ఫిల్టర్లూ ఒకదానికొకటి లంబంగా ఉంచండి. స్ఫటికం పొడవునా కోసిన సెక్షన్‌లో హైపర్‌స్తీన్ అయితే క్లీవేజ్ గీతలు (ఖనిజం చీలే గీతలు) క్రాస్‌వైర్‌కి సమాంతరంగా రాగానే నల్లబడుతుంది. క్లైనోపైరాక్సీన్ అలా నల్లబడదు, ఇంకా నలభై డిగ్రీల దాకా తిప్పాల్సి రావచ్చు. ఆ కోణం కొలిస్తేనే ఏది ఏదో తేలుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక డీలర్ వచ్చి 4ఎక్స్‌లో మాకు రంగులన్నీ చూపించాడు. బాగుందనుకుని సంతకం పెట్టేశాం. 40ఎక్స్ పెట్టి తిప్పితే గింజ గుండ్రంగా తిరుగుతూ ఫీల్డ్ బయటికి పోయింది. ఒకమ్మాయి రికార్డులో హైపర్‌స్తీన్‌కి 38 డిగ్రీలు రాసుకొచ్చింది. పాపం, తప్పు ఆమెది కాదు. తిప్పుతుండగా పక్క గింజ వచ్చి కూర్చుంది. 4ఎక్స్‌లో ఏ మైక్రోస్కోపైనా బుద్ధిగానే కనిపిస్తుంది.

కొత్తవాటిలో రెండు రకాలున్నాయి. ఒక రకంలో స్టేజ్‌కి మాత్రమే సెంటరింగ్ స్క్రూలుంటాయి. 40ఎక్స్‌కి సరిచేసి 10ఎక్స్‌కి మారిస్తే మళ్లీ తప్పిపోవచ్చు. రెండో రకంలో ఒక్కో ఆబ్జెక్టివ్‌కి (స్లయిడ్ దగ్గరుండే లెన్స్‌కి) విడిగా స్క్రూలుంటాయి. ధర కొంచెం ఎక్కువైనా నా ఓటు దీనికే. సరిచేయడం కష్టమేం కాదు. ఒక చుక్కని క్రాస్‌వైర్ మీద పెట్టి స్టేజ్‌ని 180 డిగ్రీలు తిప్పాలి. అది ఎంత దూరం జరిగిందో చూసి, సగం దూరం స్క్రూలతో, మిగతా సగం స్లయిడ్ జరిపి వెనక్కి తేవాలి. రెండు మూడుసార్లు చేస్తే కుదురుతుంది. సెకండియర్ పిల్లలతో కూడా చేయించవచ్చు.

ఇక సెకండ్ హ్యాండ్ విదేశీ మైక్రోస్కోపులు. జర్మన్ కంపెనీ లైట్జ్ పాతది ఒకటి చేతికి దొరికితే ఆ గాజు నాణ్యతకి మనసు లాగేస్తుంది, నిజమే. కానీ వాటి పాత ఆబ్జెక్టివ్‌లు 170 మి.మీ. ట్యూబుకి చేసినవి. ఇప్పుడు దొరికే మామూలు విద్యార్థి మైక్రోస్కోపుల్లో ఎక్కువ 160 మి.మీ.వి. ఒకటి పగిలితే అదే కొలతది వెతుక్కోవాలి. జిప్సం ప్లేట్ (రంగు మార్చి చూపే పలక) ఉందా, స్లాట్‌లో పడుతుందా, బల్బు దొరుకుతుందా అన్నీ చూసుకోవాలి. మా విశాఖ వైపైతే లెన్స్‌లో ఫంగస్ ఉందేమో తప్పకుండా చూడాలి, ఉప్పుగాలి, తేమ దేన్నీ వదలవు. రిపేరు తెలిసిన మనిషి దగ్గర్లో ఉంటేనే ఇటు వెళ్లండి.

కొత్తదైనా పాతదైనా ఇంకో పరీక్ష ఉంది. స్లయిడ్ లేకుండా పోలరైజర్, అనలైజర్ ఒకదానికొకటి లంబంగా పెడితే ఫీల్డ్ చీకటిగా ఉండాలి. తర్వాత మన తూర్పు కనుమల ఖొండలైట్ రాయి స్లయిడ్ పెట్టి అందులోని గార్నెట్ ఖనిజం చూడండి. ఎంత తిప్పినా అది నల్లగానే ఉండాలి. బూడిదరంగు మెరుపు తేలుతుంటే ఆబ్జెక్టివ్ గాజులోనే ఒత్తిడి ఉందేమో అనుమానించాలి. అలాంటి దానిలో 30 మైక్రాన్ల సెక్షన్‌లోని క్వార్ట్జ్ బూడిద, తెలుపు రంగుల్నీ నమ్మలేం.

బెర్‌ట్రండ్ లెన్స్ (ఇంటర్‌ఫియరెన్స్ ఫిగర్, అంటే ఖనిజాన్ని గుర్తుపట్టడానికి చూసే ఒక బొమ్మ, దాన్ని పెద్దగా చూపే లెన్స్) లేదని మాత్రం మంచి మైక్రోస్కోప్ వదులుకోకండి. 40ఎక్స్ పెట్టి, ఐపీస్ తీసేసి ట్యూబులోకి చూస్తే ఇంటర్‌ఫియరెన్స్ ఫిగర్ చిన్నగానైనా కనిపిస్తుంది. మేం చదువుకున్నదే అలా.

స్కూళ్లకైతే ఇదంతా అక్కర్లేదు. ఉన్న మైక్రోస్కోప్‌లో స్లయిడ్ కింద ఒక పోలరైజింగ్ ఫిల్మ్, ఐపీస్ మీద ఇంకొకటి పెట్టి, పై ఫిల్మ్‌ని చీకటి పడేదాకా తిప్పితే చాలు. ఉప్పు గింజ నల్లగా ఉండిపోతుంది, పంచదార గింజ వెలుగుతుంది. బంగాళదుంప గీకి పెడితే పిండి రేణువుల్లో నల్లటి సిలువ కనిపిస్తుంది. పిల్లలు ఐపీస్ వదలరు. కోణాలు కొలవడానికి మాత్రం ఇది పనికిరాదు. సినిమా హాలు త్రీడీ అద్దాలు వాడాలని చూడకండి, వాటిలో ఎక్కువ వేరే రకం పోలరైజేషన్‌వి.

కెమెరా ఉన్న ట్రైనాక్యులర్ అంటారా? ఒకదాని డబ్బుతో మామూలువి ఒకటికి మించి వస్తాయి, ఫొటోకి ఫోన్ ఐపీస్ దగ్గర పెడితే చాలు. పాథాలజీ వాళ్లకి కీళ్లలో పేరుకునే గౌట్ స్ఫటికాల కోసం రెడ్ కాంపెన్సేటర్ (పైన చెప్పిన జిప్సం ప్లేట్ లాంటిదే) ముఖ్యం. అది లేనిది కొనకండి.

మేం కిందటి వేసవిలో కొన్నది ఆబ్జెక్టివ్‌లకి విడి స్క్రూలున్న కొత్త మోనాక్యులర్లు. ఆర్డర్‌కి ముందు నా చార్నొకైట్ స్లయిడ్ ఇచ్చి 40ఎక్స్‌లో తిప్పి చూపించమన్నాను. డీలర్ అరగంట స్క్రూలతో కుస్తీ పట్టాడు. గింజ నిలబడ్డాకే కాగితం మీద సంతకం పెట్టాను.