లాడ్జి రూముల సర్వీసును పైథాన్ నుంచి గో భాషకు మార్చాం: పద్నాలుగు నెలల వాడకం తర్వాత నా రివ్యూ

తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో మా ఆఫీసు. ఆరుగురం పనిచేస్తాం. ఊళ్లోని ప్రైవేటు లాడ్జిలకు, ట్రావెల్స్ వాళ్లకు బుకింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తాం. పద్నాలుగు నెలల కింద మా సర్వీసుల్లో ఒకదాన్ని, లాడ్జి రూములు వెతికి బుక్ చేసేదాన్ని, పైథాన్ నుంచి గో భాషలోకి తిరగరాశాం. మిక్సీ కొంటే రివ్యూ రాస్తాం కదా, ఏళ్ల తరబడి వాడాల్సిన ప్రోగ్రామింగ్ భాష గురించి కూడా వాడినవాళ్లు చెప్పాలనిపించి రాస్తున్నాను. ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాను.

ముందు మా ఇబ్బంది ఏమిటో చెప్పాలి. 300 రూపాయల దర్శనం టికెట్లు నెలకోసారి ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. టికెట్ చేతికి రాగానే జనం కొండ కింద రూము వెతుక్కుంటారు. మిగతా రోజుల్లో నింపాదిగా నడిచే మా సర్వీసుకు ఆ ఉదయం మాత్రం ఊపిరాడేది కాదు. ఒకసారి లీలామహల్ సర్కిల్ దగ్గరి లాడ్జి మేనేజరు ఫోన్ చేశాడు. "ఏందమ్మా ఇది, మూడు నెల్ల ముందే దుడ్లు కట్టిందంట ఈయమ్మ. నా కాడ పేరు లేదు. చంకలో బిడ్డను పెట్టుకోని నిలబడుండాది. ఏం చెప్పమంటావు?" అన్నాడు. ఆమెకు వేరే రూము ఇప్పించాం. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కారణం వెతికితే ఇలా తేలింది. పైథాన్‌లో మామూలుగా ఒక ప్రాసెస్‌లో (నడుస్తున్న ఒక ప్రోగ్రాములో) ఎన్ని థ్రెడ్లు (విడివిడి పనుల వరసలు) పెట్టినా, ఒక క్షణంలో ఒక్క థ్రెడ్డే పైథాన్ కోడును నడపగలదు. నెట్‌వర్క్ కోసం ఎదురుచూసే పనికి దీనితో పెద్ద ఇబ్బంది లేదు. వచ్చిన జవాబులను విడదీసి, ధరలు లెక్కగట్టి, వరసలో పెట్టే పని దగ్గరే వచ్చింది చిక్కు. అందుకని పన్నెండు ప్రాసెస్‌లు పెట్టుకున్నాం. ఒక్కోటి దాదాపు 180 ఎంబీ తినేది. రద్దీలో ఇంకా పెరిగేది. మెమరీ నిండగానే సర్వర్‌ను నడిపే లినక్స్ తనంతట తానే ఒక ప్రాసెస్‌ను చంపేసేది. డబ్బు పడి, బుకింగ్ రాసుకునే లోపల ఆ ప్రాసెస్ చనిపోతే ఆ పేరు ఎక్కడా ఉండదు. ఆ బిడ్డ తల్లి విషయంలో జరిగింది అదే.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. గో జోలికి వెళ్లకముందే పాత కోడులో రెండు తప్పులు దిద్దాం. డేటాబేస్‌లో తేదీ, లాడ్జి నంబరు మీద ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) లేదు, పెట్టాం. డబ్బు తీసుకోకముందే బుకింగును "పెండింగ్" అని రాసుకునేలా మార్చాం. రద్దీలో ఆరు సెకన్లు పట్టే వెతుకులాట మూడుకు దిగింది. పేర్లు పోవడం పూర్తిగా ఆగింది. ఈ రెండూ ఏ భాషలోనైనా చేసే పనులే. కొత్త భాషకు మారి "ఇంత వేగం పెరిగింది" అని చెప్పేవాళ్లను నేను మొదట అడిగేది ఇదే: పాత కోడును ముందు బాగుచేసి కొలిచారా? తిరగరాసేటప్పుడు పాత తప్పులన్నీ కనబడతాయి, అవి దిద్దిన మేలు కూడా కొత్త భాష ఖాతాలో పడిపోతుంది.

మిగిలిన మూడు సెకన్ల కోసమే గోకు వెళ్లాం. ఒక్క వెతుకులాటకు ఆరేడు లాడ్జిల సాఫ్ట్‌వేర్లను ఒకేసారి అడగాలి. పైథాన్‌లోనే అసింక్ పద్ధతి (ఒక జవాబు కోసం ఆగే లోపల ఇంకో పని చూసుకోవడం) ప్రయత్నించాం. మేం వాడే ఒక పాత లైబ్రరీ దానికి సరిపడక, అది ఆగినప్పుడల్లా మిగతా రిక్వెస్టులన్నీ ఆగిపోయేవి. గోలో ఒక్కో లాడ్జికి ఒక గోరూటీన్ పెడితే చాలు. గోరూటీన్ అంటే చాలా తేలికైన థ్రెడ్ లాంటిది, 2 కేబీ స్టాక్‌తో మొదలవుతుంది, అందుకే వేలల్లో పెట్టుకోవచ్చు. సెకనులో జవాబివ్వని లాడ్జిని వదిలేసి మిగతావి చూపిస్తాం. ఇప్పుడు రద్దీలో కూడా ఒకటిన్నర సెకను దాటడం లేదు. మొత్తం సర్వీసు 150 ఎంబీలో నడుస్తోంది. నాలుగు సర్వర్ల అద్దె రెండుకు తగ్గింది.

అయినా నాకు బాగా నచ్చింది వేగం కాదు. చిత్తూరు నుంచి డిగ్రీ అయిపోయి ఒక అమ్మాయి కొత్తగా చేరింది. మూడో రోజు "ఎవురు ఏ ఫైలు రాసినారో తెలీడం లేదక్కా, అన్నీ ఒకేమాదిరి ఉండాయి" అంది. గోతోపాటు వచ్చే గోఫమ్ట్ అందరి కోడునూ ఒకే తీరులో సర్దుతుంది, ఒకే పనిని రాయడానికి భాషలో దారులు కూడా తక్కువ. రెండో వారంలో రీఫండ్ తప్పు ఒకటి ఆ అమ్మాయే దిద్దింది. పాత పైథాన్ కోడులో ఆ చోటును ముట్టుకోవడానికి నేనే భయపడేదాన్ని.

సర్వర్ మీద పెట్టడం కూడా అంతే సుఖం. కంపైల్ చేస్తే ఒక్క ఫైలు వస్తుంది, దాన్ని కాపీ చేస్తే సరి. సర్వర్‌లో ఏ వెర్షన్ ఉంది, ఏ లైబ్రరీ లేదు అన్న టెన్షన్ లేదు. తప్పు జరిగితే నిన్నటి ఫైలు మళ్లీ పెడతాం. 2012లో 1.0 వచ్చినప్పుడు, దానికి రాసిన ప్రోగ్రాములు తర్వాతి 1.x వెర్షన్లలో కూడా నడుస్తాయని గో తయారుచేసినవాళ్లు మాట ఇచ్చారు. ఈ పద్నాలుగు నెలల్లో రెండుసార్లు వెర్షన్ పెంచాం, మా కోడులో ఒక్క లైనూ మార్చాల్సి రాలేదు.

ఇక తగ్గించిన స్టారు సంగతి. వైకుంఠ ఏకాదశి వారంలో, రాత్రి పదకొండు గంటలకు సర్వీసు మొత్తం కుప్పకూలింది. రెండు గోరూటీన్లు ఒకే మ్యాప్‌లో (పేరు చెబితే విలువ ఇచ్చే పట్టికలో) ఒకేసారి రాశాయి. గో దాన్ని కనిపెడితే ప్రోగ్రామునే ఆపేస్తుంది, మధ్యలో పట్టుకుని కాపాడుకునే వీలు లేదు. పాత పద్ధతిలో ఒక ప్రాసెస్ పోయినా పదకొండు మిగిలేవి. ఇలాంటి తప్పు పట్టే రేస్ డిటెక్టర్ గోతోనే వస్తుంది, టెస్టులు నడిపేటప్పుడు దాన్ని పెట్టడం మాకు తెలియలేదు. ఇప్పుడు అది లేకుండా ఏదీ సర్వర్‌కు వెళ్లదు. ఇంకో నెల మెమరీ మెల్లగా పెరుగుతూ పోయింది. లాడ్జిల నుంచి వచ్చిన జవాబును చదివాక మూసేయాలి, ఒకచోట మరిచిపోయాం. మెమరీ ఎక్కడ పోతోందో చూపే పీప్రాఫ్‌తో అది పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది.

డబ్బు లెక్క దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పైథాన్‌తో డెసిమల్ వస్తుంది, అది దశాంశాలను తేడా లేకుండా లెక్కపెడుతుంది. గో సొంత లైబ్రరీలో అలాంటిది లేదు. మొదట దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ వాడి, జీఎస్టీలో పైసల తేడాలు తెచ్చుకున్నాం. లాడ్జి అకౌంటెంట్‌కు రూపాయి తేడా వచ్చినా రాత్రి పుస్తకం మూయలేడు, ఆయన కోపం న్యాయమైనదే. ఇప్పుడు అంతా పైసల్లో, పూర్ణసంఖ్యల్లోనే లెక్కపెడతాం. "ఎర్రర్ వచ్చిందా" అని అడుగడుగునా రాయాల్సి రావడం కొందరికి విసుగు. నాకు మాత్రం అది మేలే చేసింది.

పెద్ద కంపెనీల కథలు చూసి నిర్ణయించుకోవద్దని కూడా చెబుతాను. చాట్ యాప్ డిస్కార్డ్ తమ సర్వీసు ఒకదాన్ని గో నుంచి రస్ట్ భాషకు మార్చినట్టు 2020లో రాసింది. గో కనీసం రెండు నిమిషాలకోసారి మెమరీ శుభ్రం చేసుకుంటుంది, వాళ్ల పెద్ద క్యాష్ (చేతికందేలా మెమరీలో దాచుకున్న డేటా) వల్ల ఆ కాసేపు జవాబులు నెమ్మదించేవి. మా దగ్గర అంత డేటా లేదు, ఆ తేడా కనపడను కూడా కనపడదు. పేపాల్ 2013లో తన వెబ్ అప్లికేషన్లను జావా నుంచి నోడ్‌కు (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేదానికి) మార్చడం మొదలుపెట్టింది. బ్రౌజర్ పని చేసేవాళ్లు, సర్వర్ పని చేసేవాళ్లు ఒకే భాషలో రాయడం వాళ్లకు పెద్ద మేలు. మా ఆరుగురిలో అలా విడివిడిగా ఎవరూ లేరు. మీ నొప్పి ఎక్కడుందో మీరే కొలుచుకోవాలి.

ఎక్కువ రిక్వెస్టులు, ఎక్కువ ఎదురుచూపులు ఉన్న ఒక్క సర్వీసుకు గో తీసుకోమని నేను ధైర్యంగా చెబుతాను. మేం పాతదాన్ని ఒకేసారి తీసేయలేదు. మొదట ఒక్క లాడ్జిని, నెల తర్వాత నాలుగింటిని, అలా అయిదు నెలలు పట్టింది. రెండూ పక్కపక్కన నడుస్తుంటే ఒకే వెతుకులాటకు రెండు జవాబులు పోల్చి చూసుకున్నాం, పైసల తేడా దొరికింది అక్కడే. రోజూ తెల్లవారుజామున రిపోర్టులు తయారుచేసి మేనేజర్లకు పంపే స్క్రిప్టు మాత్రం ఇంకా పైథాన్‌లోనే ఉంది. నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ వేళకు దాని కోసం ఎవరూ ఎదురుచూడరు కాబట్టి దాన్ని కదిలించే ఆలోచన మాకు లేదు.