పోచంపల్లి ఇక్కత్ కర్టెన్లు, వరంగల్ జంపఖానా: హాల్లో వాడి చూశాక

మా హాలుకి కర్టెన్లు, కుషన్ కవర్లు, దివాన్ కవరు అన్నీ పోచంపల్లి కాటన్ ఇక్కత్‌తోనే కుట్టించాం. కింద వరంగల్ జంపఖానా పరిచాం, గోడకి ఒక తేలియా రుమాల్ (నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్ గుడ్డ) ఫ్రేమ్ కట్టించి పెట్టాం. ఎండలు, వానలు రెండూ దాటాక రాస్తున్నాను. ముందే తేల్చి చెప్పేస్తా: కర్టెన్లకీ కుషన్లకీ కాటన్ ఇక్కత్ కళ్లు మూసుకుని కొనొచ్చు, జంపఖానా పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేస్తుంది, సిల్క్ ఇక్కత్ మాత్రం సోఫా సీటుకి వద్దే వద్దు.

మొదట ఒక ఇంటీరియర్ కంపెనీ వాళ్లు 'ఇక్కత్ థీమ్' అని కొటేషన్ ఇచ్చారు. శాంపిల్ గుడ్డ తిప్పి చూస్తే వెనకవైపు రంగు వెలవెలబోయి ఉంది, అంటే ప్రింటు. ఇది నేసిందా అని అడిగితే సరైన జవాబు లేదు, ధర మాత్రం నేత గుడ్డకి మించి వేశారు. నాకు నిజంగా కోపం వచ్చింది. ఎందుకంటే ఇక్కత్‌లో డిజైన్ గుడ్డ మీద పడదు, దారంలోనే ఉంటుంది. ముందు నూలుని ఆసు పోసి, అంటే మేకుల చుట్టూ అటూ ఇటూ వరసగా చుట్టి, గీతల ప్రకారం రబ్బరు ముక్కలతో గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, ఇంకో రంగు కావాలంటే మళ్లీ కట్టి, ఇదంతా అయ్యాకే మగ్గం ఎక్కిస్తారు. అందుకే అసలైన ఇక్కత్ ముందూ వెనకా ఒకేలా కనిపిస్తుంది, పువ్వు గానీ చదరం గానీ అంచుల దగ్గర కొంచెం చెదిరినట్టు ఉంటుంది. కత్తితో కోసినట్టు గీతలు ఉండి వెనక పాలిపోయి ఉంటే అది ప్రింటే, ఎవరు ఏం చెప్పినా నమ్మకండి. అంచు పట్టుకుని చూడండి, నేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా పట్టి ఉంచడానికి గుచ్చిన సూదుల సన్న చిల్లులు కూడా చాలాసార్లు కనిపిస్తాయి.

దాంతో వాళ్లని వదిలేసి మేమే పోచంపల్లి వెళ్లాం. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద కొంత దూరం వెళ్లి ఎడమకి తిరగాలి, మొత్తం ఓ 50 కిలోమీటర్లు. 1951లో వినోబా భావే భూదానోద్యమం మొదలైన ఊరు ఇదే, అందుకే పేరు ముందు భూదాన్ అని ఉంటుంది. మెయిన్ రోడ్డు పొడవునా దుకాణాలే. అయితే అక్కడ అమ్మేదంతా చేనేతే అనుకోవద్దు, ప్రింటు గుడ్డ పక్కపక్కనే పెట్టి అమ్మే షాపులూ ఉన్నాయి. హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ (చేనేతే అని చెప్పే ప్రభుత్వ గుర్తు) అడగండి. ఇంకా మంచిది, మగ్గం చూపిస్తారా అని అడగడం. మేం అడిగితే ఒక షాపు ఆయన సంతోషంగా వెనక వీధిలో వాళ్ల అన్నగారింటికే తీసుకెళ్లారు. అక్కడ ఆసు యంత్రం తిరుగుతోంది. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మగారి కష్టం చూడలేక తయారుచేసిన యంత్రం అది, 2017లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. అది రాకముందు ఒక్క చీరకి ఆసు పోయాలంటే ఆడవాళ్లు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిప్పాల్సి వచ్చేది, భుజాలు పోయేవి. ఆ ఇంటి అమ్మ ఈ సంగతి చెబుతుంటే ఇక బేరం ఆడాలనిపించలేదు.

కాటన్ సింగిల్ ఇక్కత్, అంటే పడుగు, పేకల్లో ఒక్కదానికే కట్టి రంగు వేసినది, మీటరు మాకు 300 అటూఇటూగా పడింది. డబుల్ ఇక్కత్, అంటే పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డ దారాలు) రెండూ కట్టి రంగు వేసినది, దానికంటే చాలా ఎక్కువ. రెండు వైపుల దారాల మీది రంగులూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి కాబట్టి నేసేవాళ్లు మాటిమాటికీ దారం సర్దుకుంటూ పోతారు, ఆ ధర న్యాయమే. కానీ కర్టెన్‌కి డబుల్ ఇక్కత్ అక్కర్లేదని నా అభిప్రాయం. కుచ్చుల్లో ఆ పనితనం కనపడనే కనపడదు. దాన్ని కుషన్ల మీద, దివాన్ మీద, చదునుగా పరిచే చోట వాడండి.

కర్టెన్ల లెక్క దగ్గర చాలామంది తికమక పడతారు. మగ్గం గుడ్డ పన్నా, అంటే వెడల్పు, మాకు దొరికింది 46 అంగుళాలు, కర్టెన్ షాపుల్లో దొరికే మిల్లు గుడ్డ సాధారణంగా దీనికంటే వెడల్పు ఉంటుంది. 6 అడుగుల కిటికీకి కుచ్చులతో కలిపి రెట్టింపు వెడల్పు కావాలంటే నాలుగు పన్నాలు పడతాయి, అంటే కిటికీకి రెండు కర్టెన్లయితే ఒక్కోదానికి మధ్యలో ఒక అతుకు తప్పదు. ఆ అతుకు దగ్గర డిజైన్ కలవాలి. చేత్తో నేసింది కదా, మీటరు మీటరుకీ డిజైన్ కొంచెం జరుగుతుంది, అందుకని లెక్క కంటే మీటరు పైనే ఎక్కువ తీసుకోండి. అన్నీ ఒకే వార్పులోంచి (ఒక్కసారి మగ్గానికి ఎక్కించిన పడుగులోంచి) కోయించుకోండి. తర్వాత వెళ్లి అదే మెరూన్ ఇంకో మూడు మీటర్లు కావాలంటే అదే రంగు రాదు, రంగు కలిపిన ప్రతిసారీ కాస్త తేడా ఉంటుంది. కుట్టే ముందు మొత్తం గుడ్డ చల్లటి నీళ్లలో నానబెట్టి ఆరేయండి, కాటన్ కాబట్టి కుదించుకుంటుంది. ఇవేవీ మా టైలర్‌కి పట్టలేదు, అతుకు దగ్గర డిజైన్ కలపకుండానే కుట్టేశాడు, విప్పించి మళ్లీ కుట్టించుకున్నాం.

వాడకంలో ఎలా ఉందంటే, పొద్దున ఎండ పడే కిటికీ దగ్గర గుడ్డ ఇప్పటికీ కొత్తగానే ఉంది. పడమటి కిటికీ దగ్గర మాత్రం మెరూన్ కొంచెం తగ్గింది. వెనక తెల్ల కాటన్ లైనింగ్ వేయించాక ఆగింది. పడమర కిటికీ ఉన్నవాళ్లు మొదటే లైనింగ్ వేయించండి, గుడ్డ కిందికి జారే తీరు కూడా బావుంటుంది. సింథటిక్ కర్టెన్ కంటే ముడతలు ఎక్కువే పడతాయి. ఆ గరుకుదనం, ఆ ముడత నాకు ఇష్టం, ఇస్త్రీ చేసినట్టే ఉండాలి అనేవాళ్లకి నచ్చకపోవచ్చు.

సిల్క్ విషయం. మా బంధువుల ఇంట్లో సోఫా సీట్లకి సిల్క్ ఇక్కత్ వేయించారు, చాలా ఖర్చుపెట్టి. రోజూ కూర్చునే చోట రాపిడికి, చెమటకి కుట్ల దగ్గర దారాలు జరిగిపోయి గుడ్డ విచ్చుకుంటోంది. ఎవరో కళ్లు నొప్పులు పుట్టేలా నేసిన పట్టుని అలా చూస్తే బాధేసింది. సిల్క్‌ని మంచం తలవైపు ప్యానెల్‌కో, గోడకో, ఎవరూ ఆనుకోని చిన్న దిళ్లకో వాడితే తరాలు ఉంటుంది.

జంపఖానా గురించి ఎంత చెప్పినా తక్కువే. వరంగల్ కొత్తవాడలో నేసేవి, 2018లో జీఐ (ఫలానా ప్రాంతానిదే అని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. రెండు వైపులా వాడొచ్చు, చుట్టేసి మూలన నిలబెట్టి ఇల్లు తుడుచుకోవచ్చు, మందపాటి కార్పెట్‌లా దుమ్ము పట్టి కూర్చోదు. పిల్లలు దాని మీదే పడుకుని బొమ్మలేసుకుంటారు. మార్బుల్ మీద జారుతుంది, కింద రబ్బరు మ్యాట్ తప్పనిసరి, ముఖ్యంగా పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో. తడిస్తే మాత్రం ఒక్కరు ఎత్తలేరు, ఎండ బాగా ఉన్న రోజే ఉతకాలి.

ఇక తేలియా రుమాల్. పుట్టపాక అనే ఊళ్లో నేసింది. నూలుని నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి ఆ తర్వాత ఎరుపు, నలుపు రంగులు పట్టిస్తారు. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకి ఓడల్లో వెళ్లేవి, తలకి చుట్టుకోవడానికి. ఆ పనిని నిలబెట్టిన గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ వచ్చింది, రుమాల్‌కి 2020లో జీఐ వచ్చింది. మా ఇంటికి వచ్చినవాళ్లు మొదట ఆగి చూసేది దాన్నే. ఫ్రేమ్ కట్టేవాళ్లు జిగురుతో అంటించేస్తాం అంటారు, అస్సలు ఒప్పుకోవద్దు. వెనక తెల్ల గుడ్డ వేసి దానికి దారంతో కుట్టించండి, అద్దం గుడ్డకి తగలకుండా మధ్యలో కాస్త ఖాళీ ఉంచమనండి, నేరుగా ఎండ పడే గోడకి పెట్టకండి.

మొదటి ఉతుకుళ్లలో ఎరుపు, నలుపు కొంచెం దిగుతాయి, విడిగా చల్లటి నీళ్లలో తక్కువ సబ్బుతో ఉతికి నీడన ఆరేయండి. బెడ్‌రూమ్‌కి నీలం తెలుపు కావాలని అదే షాపులో అడిగాం. మన రంగులు చెప్పి నేయించుకోవాలంటే వార్పు మొత్తం మనమే తీసుకోవాలట. పక్కింటివాళ్లతో కలిసి పంచుకుందామని అడ్వాన్స్ ఇచ్చి వచ్చాం.