ఇంట్లో కట్టుకునే క్యాంపర్ ట్రైలర్: నేలకి, గోడలకి విశాఖలో ఏది మేలు?

క్యాంపర్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల పడుకునే పెట్టె బండి. భీమిలి రోడ్డు మీద తిరిగే బండికైనా, అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లే బండికైనా విశాఖలో మొదటి శత్రువు ఉప్పుగాలి, దాంతోపాటు వచ్చే చెమ్మ. ఎండ రెండోది. బరువు మూడోది. చాలామంది ఈ వరస తలకిందులు చేసి, తేలిగ్గా ఉంటుందని ఏదో ఒకటి ఎంచుకుంటారు. వానాకాలాలు గడిచేకొద్దీ నేల అంచులు మెత్తబడిపోతాయి. అందుకే ఇక్కడ ప్రతి రకాన్నీ ముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: లోపలికి దూరిన నీరు బయటికి పోవడానికి దారి ఉందా?

లెక్కలన్నీ 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు ఉన్న పెట్టెకి. నేల 40 చదరపు అడుగులు, గోడలూ పైకప్పూ కలిపి 170. కింద స్టీల్ చట్రం ఎలాగూ ఉంటుందనుకుందాం.

నేల: ఒంటి ప్లైవుడ్డా, శాండ్‌విచ్చా?

12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ ఈ నేలకి 31 కిలోలు తూగుతుంది. 18 మి.మీ. వేస్తే 47 కిలోలు. పైన 9 మి.మీ. ప్లై, మధ్యలో 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ (థర్మోకోల్ జాతిదే, గట్టి రకం) ఫోమ్, కింద 4 మి.మీ. ప్లై పెట్టి అంటించిన శాండ్‌విచ్ రీపర్లతో కలిపి 40 కిలోల దాకా వస్తుంది. అంటే శాండ్‌విచ్ తేలికన్న మాట 18 మి.మీ.తో పోల్చినప్పుడే నిజం. చట్రంలో అడ్డ గొట్టాలు 16 అంగుళాలకొకటి ఉంటే మనుషులు కూర్చుని పడుకునే నేలకి 12 మి.మీ. సరిపోతుంది. 8 అడుగులకి రెండు చివరలతో కలిపి ఏడు గొట్టాలు పడతాయి.

శాండ్‌విచ్‌కి రెండు మంచి గుణాలున్నాయి. వంగదు, రోడ్డు వేడిని ఆపుతుంది. కానీ ఒక బోల్టు రంధ్రం దగ్గర నీరు దూరితే అది రెండు ప్లైల మధ్యే ఉండిపోతుంది, ఆరే దారి లేదు. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. కాలు పెడితే మెత్తగా తగిలేసరికి కింది ప్లై పుచ్చిపోయి ఉంటుంది. ఒంటి ప్లై అయితే చట్రం కింద పడుకుని చూస్తే మచ్చ కనిపిస్తుంది, ఆరుతుంది, ఆ ముక్క ఒక్కటీ మార్చుకోవచ్చు. నేలకి మా ఓటు ఒంటి 12 మి.మీ. ప్లైకే. వేడి ఇబ్బంది పెడితే గొట్టాల మధ్య 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ ముక్కలు కిందనుంచి బిగించుకోవచ్చు, అవసరమైతే ఊడదీయవచ్చు.

ఇక 3 మి.మీ. అల్యూమినియం చెకర్డ్ ప్లేట్. 30 కిలోలే, పుచ్చదు. అయితే స్టీల్ చట్రం మీద నేరుగా పెడితే ఉప్పు తడిలో రెండు లోహాల మధ్య అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. వెనక వంటగది తలుపు దగ్గర, నీళ్లు పారబోసే చోట వేసుకోండి. మొత్తం నేలకి వద్దు.

ప్లైవుడ్ కొనేటప్పుడు ఐఎస్ 710 ముద్ర (మెరైన్ ప్లైకి భారతీయ ప్రమాణం) చూడండి. ముద్ర ఒక్కటీ చాలదు, కోసిన అంచుని వెలుతురులో పెట్టి పొరల మధ్య ఖాళీలున్నాయేమో చూడాలి. ఆ ఖాళీలే నీటికి గొట్టాలవుతాయి. షీటు వెడల్పు 4 అడుగులే కాబట్టి పక్కన అడుగు పట్టీ ఒకటి కలపాలి. ఆ అతుకు కింద పొడవుగా ఒక గొట్టం తప్పనిసరి. షీటుని అడ్డంగా వేస్తే అతుకు మధ్య గొట్టం మీదికి చక్కగా వస్తుంది గానీ, పై పొర చెక్క గీత అడ్డ గొట్టాలతో సమాంతరంగా పోయి నేల వంగుతుంది. పొడవునా వేయడమే మంచిది.

ప్లై ఎక్కువగా పాడయ్యేది మధ్యలో కాదు, అంచుల్లో, రంధ్రాల్లో. ఆరు వైపులా రెండు పూతలు ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్) వేయండి, ఈ నేలకి రెండున్నర నుంచి మూడు కిలోలు పడుతుంది. 8 మి.మీ. బోల్టు కోసం ముందు 12 మి.మీ. రంధ్రం చేసి, పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో 8.5 మి.మీ. రంధ్రం వేయాలి. అప్పుడు బోల్టు చెక్కని తాకదు. బోల్టులు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ అయితే బీచ్ రోడ్డు గాలికి ఓర్చుకుంటాయి, 304కి గోధుమ రంగు మరకలు పడతాయి. ప్లైకీ గొట్టానికీ మధ్య బ్యుటైల్ టేపు (జిగట రబ్బరు టేపు) గానీ ఈపీడీఎమ్ రబ్బరు పట్టీ గానీ వేయాలి. లేకపోతే ఆ సందులో సన్నటి నీటి పొర నిలిచి గొట్టం పైముఖం తుప్పు పడుతుంది, రంగు వేసిన మిగతా మూడు ముఖాలు కొత్తగానే కనిపిస్తుంటాయి.

గోడలు: ఏసీపీ, పఫ్, ఫైబర్

25 మి.మీ. స్టీల్ గొట్టాల చట్రం, బయట 3 మి.మీ. ఏసీపీ (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉన్న షీటు), లోపల 4 మి.మీ. ప్లై, మధ్యలో థర్మోకోల్: దాదాపు 170 కిలోలు. 50 మి.మీ. పఫ్ ప్యానెల్ (రెండు స్టీల్ రేకుల మధ్య పాలీయురేతేన్ ఫోమ్): 158. రెండు 4 మి.మీ. ప్లైల మధ్య 25 మి.మీ. ఎక్స్‌పీఎస్, పైన ఒక పొర ఫైబర్ (రెజిన్‌లో తడిపిన గాజునార): 142. మొత్తం తేడా 30 కిలోల లోపే కాబట్టి, గోడని బరువు చూసి తేల్చనక్కర్లేదు.

ఏసీపీ ఆటోనగర్‌లో కోసి వంచి ఇచ్చేవాళ్లకి కొదవ లేదు, అందుకే దాని మీదికి మనసు పోతుంది. వంచడానికి వెనక గాడి తీస్తే ఆ మూల మీద మిగిలేది పల్చటి అల్యూమినియం రేకు ఒక్కటే. దుకాణం బోర్డు కదలదు కాబట్టి దానికి పర్వాలేదు, ఘాట్ రోడ్డు కుదుపులకి ఆ మూలే ముందు చిట్లుతుంది. పైగా 40 డిగ్రీల తేడా వస్తే 8 అడుగుల షీటు 2 మి.మీ. పైగా సాగుతుంది, సిలికాన్ అతుకులు ఆ లాగుడుకి ఊడతాయి. మధ్యలో ఉండే మామూలు ప్లాస్టిక్ మండుతుంది, స్టవ్ పెట్టే పెట్టెకి అది సరికాదు.

పఫ్ ప్యానెల్ వేడిని ఆపడంలో మిగతా రెంటినీ వెనక్కి నెట్టేస్తుంది. 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ కంటే రెండున్నర రెట్లు ఎక్కువ. ఏసీ పెట్టాలనుకునేవాళ్లు దీన్నే చూడాలి. బదులుగా వెడల్పులో 4 అంగుళాలు పోతాయి, ఐదడుగుల పెట్టెలో ఇది చిన్న సంగతి కాదు. అర మి.మీ. రేకులో స్క్రూ పట్టదు, కిటికీ కోసిన చోట ఫోమ్ తీసి చెక్క రీపరు దూర్చి అంటించాలి. కోసిన రేకు అంచుకి రంగు ఉండదు కాబట్టి తుప్పు అక్కడ మొదలై లోపలికి పాకుతుంది, ప్రతి అంచుకీ అల్యూమినియం మూల పట్టీ, దాని కింద సీలెంట్ ఉండాలి. ప్యానెల్ నిలబెట్టే యూ ఆకారపు చానెల్‌లో అడుగుకొక 8 మి.మీ. రంధ్రం చేయకపోతే అది నీటి తొట్టె అవుతుంది. రంగు తెలుపే ఎంచుకోండి, ముదురు రంగు రేకు ఎండకి కాగి ఫోమ్ నుంచి విడిపోతుంది.

ఏసీ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. చలి దేశాల వీడియోలు చెమ్మ ఆపే పొరని లోపలి వైపు వేయమంటాయి. మన ఎండాకాలంలో బయట 33 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్నప్పుడు 28 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేని మీదైనా నీరు కడుతుంది. లోపల ఏసీ 24లో ఉంటే బయటి గాలి గోడలోకి దూరి లోపలి ప్లై వెనకముఖం మీద చెమట పోస్తుంది. విశాఖలో మూసేయాల్సింది బయటి ముఖం. లోపలి వైపు ప్లాస్టిక్ షీటు వేయవద్దు.

ఏసీ అక్కర్లేదనుకునేవాళ్లకి ఫైబర్ గోడే మేలు. మూలల మీదుగా ఒకే చర్మంలా సాగుతుంది, బయట అతుకే ఉండదు. ఫిషింగ్ హార్బర్ చుట్టూ ఫైబర్ బోట్లు బాగుచేసే పనితనం ఊళ్లోనే దొరుకుతుంది. మొత్తానికి చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే గాజునార మ్యాట్ 7 కిలోలు, పాలిస్టర్ రెజిన్ 18 కిలోలు, వృథాకి మరో పది శాతం. పాలిస్టర్‌లో ఉండే స్టైరీన్ ఎక్స్‌పీఎస్‌ని, థర్మోకోల్‌ని కరిగించేస్తుంది. ప్లై అతుకుల్లోంచి ఒక్క చుక్క కారినా లోపల గుంట పడుతుంది, కాబట్టి అతుకులన్నీ ముందే ఎపాక్సీతో మూయాలి. రెక్సిన్ అంటించే పసుపు రబ్బరు జిగురు కూడా ఫోమ్‌ని తినేస్తుంది, అందుకే పీయూ (పాలీయురేతేన్) జిగురు వాడి, ఇసుక మూటలు పెట్టి రాత్రంతా వదిలేయాలి.

మూలలు 10 మి.మీ. గుండ్రంగా చెక్కాలి, పదును అంచు మీద మ్యాట్ లేచి గాలి బుడగ మిగులుతుంది. ప్లైని 60 నంబరు కాగితంతో గరుకు చేయకపోతే రెజిన్ పెచ్చులుగా ఊడుతుంది. ఎండాకాలంలో హార్డెనర్ (రెజిన్‌ని గట్టిపరిచే ద్రవం) ఒక శాతం చాలు, రెండు శాతం కలిపితే రోలర్ తిప్పేలోపే గడ్డకడుతుంది. చివరి జెల్‌కోట్‌లో (పైన వేసే రంగు రెజిన్ పూతలో) మైనం ద్రావణం కలపాలి, లేకుంటే గాలి తగిలే పైముఖం ఎన్నాళ్లైనా జిగటగానే ఉంటుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, జనవరి నుంచి మార్చి దాకా అనుకూలం.

ఏ గోడైనా నేల మీద నిలబెట్టకండి. నేల అంచు దాటి ఒకటిన్నర అంగుళం కిందికి దిగాలి, అప్పుడు కారిన నీరు ప్లై అంచుని తాకకుండా రోడ్డు మీద పడుతుంది. పఫ్ ప్యానెల్‌కైతే చానెల్‌ని నేల పక్కన, కాస్త దిగువన బిగించాలి.

లోపలి సామాన్లు బిగించే ముందు పైపుతో నీళ్లు కొట్టి చూడండి. పైకప్పు నుంచి మొదలెడితే ఎక్కడ కారుతోందో తేలదు. కింది అతుకు మీద ఐదు నిమిషాలు, లోపల టార్చితో చూసి, పొడిగా ఉంటేనే పై అతుకుకి వెళ్లాలి. కిటికీలు ఆ తర్వాత, పైకప్పు చివర.