వైద్య సేవ కార్డు పట్టుకుని ఆ ఎముకల ఆసుపత్రికి వెళ్తున్నారా? ఆగండి

ఇప్పుడే నాన్నని పలాస తెచ్చి పడుకోబెట్టి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. శ్రీకాకుళంలో ఆ ఎముకల ఆసుపత్రి, పేరు రాయను, గేటు మీద వైద్య సేవ పథకం (పాత ఆరోగ్యశ్రీయే) బోర్డు ఇంత పెద్దది కట్టారే, అదే. జీడి ఫ్యాక్టరీ మెట్ల మీద జారి తొడ ఎముక విరిగితే తీసుకెళ్లాం.

స్ట్రెచర్ దించకముందే "కార్డా, క్యాషా?" అన్నారు. కార్డు అన్నాను. అప్రూవల్‌కి నాలుగైదు రోజులు పడుతుంది, మంచి రాడ్ కావాలంటే విడిగా 30 వేలు కట్టాలి, తర్వాత మీ ఇష్టం అన్నారు. నాన్న అరుస్తుంటే ఇంకేం వాదిస్తాం, అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టాం. రసీదు అడిగితే తెల్ల చీటీ మీద అంకె గీసిచ్చారు. డిగ్రీ చదివిన వెధవని, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఈ రోజు పొద్దున డిశ్చార్జి. "డబ్బులు తీసుకోలేదు, సేవలు చాలా సంతృప్తికరం" అని ముందే టిక్కులు పెట్టేసిన కాగితం ముందు పడేశారు. 30 వేలు కట్టాం కదండీ అంటే బిల్లింగ్ అతను తల కూడా ఎత్తలేదు. "ఫ్రీగా చేయించుకుని మళ్లీ రూల్సా? సంతకం పెడితేనే ఇంటికి." ముప్పై వేలు మింగి ఫ్రీ అట! నాన్నే నా చెయ్యి పట్టుకుని "పోనీరా అయ్యా, మళ్లీ కట్టు మార్చడానికి ఈళ్ల కాడికే రావాల కదా" అని వేలిముద్ర వేసేశాడు. ఫోటోకి నవ్వమన్నారు. నవ్వాడు కూడా.

పై గదిలో క్యాష్ కట్టిన కాంట్రాక్టరుగారు ఏసీ చల్లబడలేదని డాక్టరు మీదే కేకలేస్తే సారీ చెప్పి గది మార్చారు. ఆయన ఫారంలో ఏం రాస్తాడో తెలీదు గానీ, మా ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెడితే ఆ ఆసుపత్రిలో హాయిగా ఉన్నది కూలోళ్లే అనుకుంటారు చూసినవాళ్లు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనదీ ఒకటి, ఇప్పుడు పరిమితి 25 లక్షలు, ఇవన్నీ నాకు నోటికొచ్చు. పథకంలో ఉన్న ఆపరేషన్‌కి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదన్న ముక్క మాత్రం అవసరానికి గుర్తు రాలేదు.

డబ్బు అడిగితే కట్టకముందే పథకం హెల్ప్‌లైన్ 104కి ఫోన్ చేయండి, ఆసుపత్రిలోనే పథకం తరఫున సాయం చేసే వైద్య మిత్ర డెస్కు ఉంటుంది, అడగండి. ఇవ్వక తప్పకపోతే ఫోన్‌పే చేయండి, చేతికి ఇవ్వొద్దు. సంతకానికి ముందు కాగితం ఫోటో తీసుకోండి, నేను తీయలేదు. నా దగ్గర మిగిలింది ఆ తెల్ల చీటీ, దాని మీద ఆసుపత్రి పేరు కూడా లేదు.