కౌలూన్ వాల్డ్ సిటీ: పార్కు బాగుంది, పేటే కనిపించదు

హాంకాంగ్ వెళ్తే డిస్నీల్యాండ్‌కి ఎలాగూ ఒక రోజు ఇస్తాం. కౌలూన్ వాల్డ్ సిటీ పార్కుకి ఒక పూట ఇచ్చినా చాలు. టికెట్ లేదు, ఉదయం ఆరున్నరకే తెరుస్తారు.

1847లో చైనావాళ్లు కోటగోడ కట్టిన చోటిది. 1898లో చుట్టుపక్కల నేలంతా బ్రిటిష్‌వాళ్లకు లీజుకిచ్చినా కోటను మాత్రం చైనా తన కిందే ఉంచుకుంది. ఏడాది తిరక్కుండానే బ్రిటిష్‌వాళ్లు చైనా అధికారుల్ని వెళ్లగొట్టారు గానీ, పాలన మాత్రం సరిగా పట్టించుకోలేదు. ఇద్దరికీ కాకుండా పోయిన ఆ జాగాలోకి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాందిశీకులు చేరి, మేడ మీద మేడ వేశారు. పక్కనే కైటాక్ విమానాశ్రయం ఉండబట్టి 14 అంతస్తుల దగ్గర ఆగారట! 1987 నాటికి ఆరున్నర ఎకరాల్లో సుమారు 33,000 మంది. లైసెన్సు లేని పళ్ల డాక్టర్లు, చేప ఉండలు చేసే చిన్న చిన్న ఫ్యాక్టరీలు అన్నీ అక్కడే. 1993–94లో మొత్తం కూల్చేశారు.

ఇప్పుడు మిగిలిన పాత కట్టడం యామెన్ ఒక్కటే, అంటే అప్పటి సర్కారు కచేరీ. తవ్వకాల్లో బయటపడ్డ దక్షిణ ద్వారం పునాదులు, పేరు చెక్కిన రాతి పలకలు పై నుంచే చూడాలి. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం పాత పేట కంచు నమూనా. ఏ మేడ ఎక్కడ అయిపోయి పక్కది ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోలేం.

నా ఫిర్యాదల్లా ఒకటే. చైనాలో ఎక్కడో ఉన్న జియాంగ్నాన్ ప్రాంతపు తోటల పద్ధతిలో కొలనులు, మంటపాలు కట్టారు. చూడ్డానికి హాయిగానే ఉంది, కానీ ఇక్కడ కాపురాలు చేసినవాళ్లకీ దానికీ సంబంధం లేదు. పాత ఫోటోలు ముందే చూసుకుని వెళ్లండి, లేకపోతే మామూలు పార్కులాగే అనిపిస్తుంది.

బస మేం సిమ్ షా ట్సుయ్‌లో తీసుకున్నాం. గదిలో సూట్‌కేసు తెరవాలంటే మంచం ఎక్కాల్సిందే, రేటు మాత్రం తక్కువేం కాదు. అయినా ఈస్ట్ సిమ్ షా ట్సుయ్ స్టేషన్ నుంచి రైలు మారకుండా నాలుగో స్టేషన్ సుంగ్ వాంగ్ టోయ్, అక్కడి నుంచి పార్కుకి నడకే. ఆక్టోపస్ కార్డు (ముందే డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) ఉంటే టికెట్ గొడవ ఉండదు. పార్కు పక్క వీధుల్లో థాయ్ హోటళ్లు చాలా ఉన్నాయి. శాకాహారులు మాత్రం చేప సాస్ సంగతి అడిగి మరీ ఆర్డర్ చేయండి.