విదేశీ రెపర్టరీతో పని చేయడమా, మన ట్రూపును తీసుకెళ్లడమా: ఏది మేలు?

ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చదివి, కళాభారతిలోనో గురజాడ కళాక్షేత్రంలోనో నాటకాలు వేసే మన విశాఖ కుర్రాళ్లకు విదేశాల్లో నాటకం చేయాలనే కోరిక ఉండటం సహజం. దానికి దారులు రెండు. మన ట్రూపుతో వెళ్లి ఒకటి రెండు ప్రదర్శనలిచ్చి రావడం ఒకటి. అక్కడి రెపర్టరీకి, అంటే జీతానికి నటులను పెట్టుకుని కొన్ని నాటకాలను మార్చి మార్చి ఆడే నాటక సంస్థకు, అతిథి దర్శకుడిగా వెళ్లి, వాళ్ల నటులతో వాళ్ల భాషలోనే నాటకం చేయించడం రెండోది. నన్నడిగితే రెండోదే మేలు.

పద్యనాటకానికి మాత్రం ట్రూపే వెళ్లాలి. రాగం తీసే గొంతు కొన్ని వారాల్లో తయారవదు. సురభి వాళ్లు ఫ్రాన్స్‌లో మాయాబజార్ ఆడగలిగారంటే, ఆ తెరలూ ట్రిక్కులూ చిన్ననాటి నుంచీ చేతికి అలవాటైన మనుషులే వెళ్లారు కాబట్టి.

వచన నాటకం సంగతి వేరు. మనం ఆడి వచ్చేస్తే అక్కడి ప్రేక్షకులు చప్పట్లు కొడతారు కానీ, అక్కడి నటుడికి అబ్బేదేమీ ఉండదు. 1984లో మరాఠీ రంగస్థల దర్శకురాలు విజయా మెహతా జర్మనీలోని వైమార్ నేషనల్ థియేటర్‌లో గిరీష్ కర్నాడ్ కన్నడ నాటకం ‘హయవదన’ను జర్మన్‌లో చేయించారు. అందులో ఇద్దరు పట్టుకునే చిన్న తెర ఉంటుంది. భామాకలాపంలో తెర మీదుగా సత్యభామ జడ ముందు కనిపించి, తర్వాత మనిషి రావడం చూసిన మనకు ఆ తెర కొత్త కాదు. ఇంట్లో మాట్లాడినంత సహజంగా నటించడం నేర్చుకున్న నటుడికి అదంతా కొత్త. వీడియో చూస్తే వచ్చేది కాదు, దర్శకుడు పక్కన నిలబడి చేయించాల్సిందే. పైగా రెపర్టరీ జాబితాలో చేరిన నాటకం, దర్శకుడు విమానం ఎక్కాక కూడా ఆడుతూనే ఉంటుంది.

పని పద్ధతి మాత్రం తలకిందులు. మన దగ్గర పోర్టులోనో స్టీల్ ప్లాంట్‌లోనో డ్యూటీ దిగాక రిహార్సల్. అక్కడ నటన జీతమొచ్చే ఉద్యోగం. పగలు మీతో రిహార్సల్ చేసిన నటుడే రాత్రికి వేరే నాటకంలో ఉంటాడు. సెట్ కూడా విప్పి, మళ్లీ బిగించడానికి వీలుగా ఉండాలి. పరిషత్తు నాటికల్లో గబగబా సెట్ వేసి తీసేసే మనవాళ్లకు ఇది కష్టమేమీ కాదు.

ఏ నాటకం ఎంచుకోవాలి? జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ బెన్నెవిట్జ్ వైమార్ నుంచే ఇండియా వచ్చి, 1970 నుంచి తమ జర్మన్ రచయిత బ్రెక్ట్ నాటకాలను మన నటులతో మన భాషల్లో చేయించాడు. అదే న్యాయం మనకూ వర్తిస్తుంది. షేక్స్‌పియర్ వాళ్లకు కొట్టిన పిండి. మనం ‘కన్యాశుల్కం’ తీసుకెళ్లాలి. టెన్షన్ అంతా ఇంటర్‌ప్రెటర్‌తోనే. నాటకం చదవని మనిషి పక్కనుంటే ప్రతి సూచనా సగమే చేరుతుంది. అందుకే ఒప్పందం కుదిరిన రోజునే నాటకం తెలిసిన ఇంటర్‌ప్రెటర్ కావాలని గట్టిగా అడగండి.