అద్దె కంప్యూటర్లతో మూడేళ్లు: మిషన్ వాళ్లది, అందులోని ఫైళ్లు ఎవరివి?

పక్క మునిసిపాలిటీలో కంప్యూటర్లు కొనాలా, లీజుకు తీసుకోవాలా అని ఆలోచిస్తున్నారు. అక్కడ పనిచేసే మా బ్యాచ్ ఆవిడ ఫోన్ చేసి, "మీరు మూడేళ్లుగా వాడుతున్నారు కదా, ఎట్లా ఉంది?" అని అడిగింది. ఆ రోజు హడావుడిలో "బాగానే ఉంది" అన్నాను. పెట్టేశాక మనసు ఒప్పుకోలేదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను చిత్తూరు జిల్లాలో ఒక చిన్న మునిసిపాలిటీ రెవెన్యూ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుని. 2022 సెప్టెంబరులో మాకు తొమ్మిది సిస్టమ్స్ మూడేళ్ల లీజుకు వచ్చాయి. ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అనే లెక్కలు ఇక్కడ రాయను. మా పనికి మామూలు మిషన్ చాలు.

మొదటి ఆరు నెలలు కనిపించిన వాళ్లందరికీ ఈ లీజు గురించి గొప్పగా చెప్పాను. ఆఫీసు సొంత కంప్యూటర్ పాడైతే ఎంత తతంగమో చేసినవాళ్లకే తెలుసు. కండెమ్ చేయాలంటే, అంటే పనికిరాదని తేల్చి తీసేయాలంటే, కమిటీ కూర్చోవాలి, విలువ కట్టాలి, వేలం వేయాలి. అన్ని సంతకాలూ ఎప్పటికీ పూర్తి కావు. మా స్టోర్ రూమ్‌లో పాత మానిటర్లు, సీపీయూలు కిటికీ ఎత్తున పేరుకుపోయి, రికార్డులు పెట్టుకోవడానికే చోటు లేకుండా పోయింది. అద్దె మిషన్‌తో ఆ బాధ లేదు. పాడైతే వాళ్లే వచ్చి తీసుకుపోతారు. మాకు బాగా నచ్చింది ఇదే. తర్వాత మమ్మల్ని ఏడిపించిందీ ఇదే.

2023 ఏప్రిల్ 29, శనివారం. సాయంత్రం గాలివాన, ఉరుములు. కరెంటు పోయి వచ్చి, మళ్లీ పోయింది. మూడోసారి వచ్చేసరికి కౌంటర్ దగ్గరి మిషన్ ఆన్ కాలేదు. మర్నాడు ఏప్రిల్ 30. ఏడాది ఇంటి పన్ను మొత్తం ఒకేసారి కట్టేవాళ్లకు 5 శాతం రిబేటు దొరికే ఆఖరి రోజు. ఆదివారమైనా కౌంటర్ తెరవాలని ముందే చెప్పేశాం. రాత్రంతా నాకు ఒకటే టెన్షన్.

లీజు కంపెనీకి ఫోన్ చేశాను కానీ ఆదివారం పూట వస్తారన్న ఆశ లేదు. పొద్దున పదిన్నరకల్లా ఒక కుర్రాడు తిరుపతి నుంచి బండి మీద కొత్త మిషన్ కట్టుకుని వచ్చాడు. అరగంటలో బిగించేశాడు. పన్ను లెక్కలన్నీ ఎటూ సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి పదకొండుకు రసీదులు మొదలయ్యాయి. వరుస బయట వేపచెట్టు దాకా ఉంది. ఒక్కరినీ తిప్పి పంపలేదు. ఆ కుర్రాడికి టిఫిన్ తెప్పించి పెట్టాను. ఆ రోజు ఆ కంపెనీకి నేను మనసులో ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

వెళ్లేటప్పుడు, "పాతది తీసుకెళ్లాలి మేడమ్, రూల్" అన్నాడు. చలానా మీద సంతకం పెట్టాను. అందులో హార్డ్ డిస్క్ ఉందన్న మాట వరుసలో నిలబడ్డ జనాన్ని చూస్తూ నాకు తట్టలేదు.

సోమవారం అజెండా టైపు చేద్దామని కూర్చుంటే మేం తెలుగు టైపు చేసే అను ఫాంట్లు కొత్త మిషన్‌లో లేవు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాత ఆఫీసు నోట్లు తెరిస్తే తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగలిసిన గందరగోళం. అది సర్దుకోవచ్చు, సర్దుకున్నాం. ఇప్పుడు యూనికోడ్‌లోనే టైపు చేస్తున్నాం. ఏ మిషన్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే కనబడుతుంది.

సర్దుకోలేనిది వేరే ఉంది. వీలునామా మీద ఇంటికి పేరు మార్పు అడిగిన ఒక పెద్దాయన ఆ వారంలోనే వచ్చాడు. ఆయన కాగితాలు మార్చిలో నేనే స్కాన్ చేసి అసలువి తిరిగి ఇచ్చాను. ఆ స్కాన్లు పాత డిస్కులోనే ఉన్నాయి. ఎండలో బస్సు దిగి వచ్చిన మనిషితో, కాగితాలు మళ్లీ తెమ్మని చెప్పాల్సి వచ్చింది. "ఇంకోసారి తెమ్మంటావా అమ్మా" అని మాత్రమే అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. అలాంటి ఫైళ్లు పదిహేడు తేలాయి. నోట్లు కాగితం మీద ఉన్నాయి కాబట్టి రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని మళ్లీ టైపు చేసుకున్నాం. స్కాన్ల కోసం ఒక్కొక్కరినీ పిలిపించాం.

కంపెనీకి ఫోన్ చేస్తే మిషన్ చెన్నై వెళ్లిందన్నారు. చెన్నై వాళ్లు డిస్క్ చెరిపేసి వేరేచోట వాడేశామన్నారు. చెరిపినట్టు రాసిమ్మంటే ఇవ్వలేదు. ఆ డిస్కులో జనం ఆధార్ కాపీలున్నాయి, వీలునామాలున్నాయి, మరణ ధ్రువపత్రాలున్నాయి. మమ్మల్ని నమ్మి ఇచ్చిన కాగితాలవి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పార్లమెంటులో పాసైంది కూడా ఆ ఏడాది ఆగస్టులోనే. ఒప్పందం తీసి చూస్తే మిషన్ మార్పిడి గురించి పేజీన్నర ఉంది. అందులోని ఫైళ్ల గురించి ఒక్క ముక్క లేదు. అంతకుముందు ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఐదింటికి అన్ని ఫైళ్లూ బయటి డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెడుతున్నాం. 2025 సెప్టెంబరులో లీజు పొడిగించేటప్పుడు, పాడైన మిషన్ పోయినా డిస్క్ మా దగ్గరే ఉండాలని రాయించాం. దానికి అద్దె కొంచెం పెంచారు. అయినా ఒప్పుకున్నాం.

అద్దె మంచిదేనా అంటే, డబ్బు లెక్కలో మాకు కలిసిరాలేదు. 18 శాతం జీఎస్టీతో కలిపి మూడేళ్ల అద్దె, కొంటే అయ్యే ధరను దాటింది. ఆడిట్‌లో అడిగారు, వివరణ రాసిచ్చాం. మరోవైపు, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు అప్‌డేట్లు ఆగిపోయేసరికి మాకు కొత్త మిషన్లు వచ్చేశాయి. సొంతంగా కొన్న రెండు పాత సిస్టమ్స్‌కు విండోస్ 11 ఎక్కలేదు. వాటితో ఏం చేయాలో ఇంకా తేలలేదు.

మా ఆఫీసులో రిపేరు తెలిసిన మనిషి లేడు. ఆపరేటర్ ఒక్కడే. అందుకే మళ్లీ లీజుకే వెళ్లాం. ఇక ఫోన్ చేసి అడిగిన నీకు చెప్పేది: మీకు ఇద్దరు టెక్నికల్ అసిస్టెంట్లు ఉన్నారన్నావు, సిస్టమ్స్ కూడా మాకంటే రెట్టింపు. మీ లెక్క వేరు కావచ్చు. డ్రాఫ్ట్ ఒప్పందం వస్తే ముందు మార్పిడి పేజీ తీసి, డిస్క్ అన్న మాట ఉందో లేదో చూడు. లేకపోతే కమిషనర్ గారి సంతకం దాకా పోనివ్వకు.